నరసాపురం పూల లేసు

కొక్కెం ఉన్న చిన్న సూది, సన్నని నూలుదారం. ఈ రెండింటితో నడిమి నుంచి అంచు వైపుకు వరస మీద వరస పెంచుకుంటూ అల్లే గుండ్రటి లేసు గుడ్డను డాయిలీ అంటారు. గ్లాసు కింద పెట్టే అరచేతి వెడల్పువి ఉంటాయి, బల్లంతా కప్పేవీ ఉంటాయి. మధ్యలో గులాబీయో చామంతియో ఒక పువ్వు, దాని చుట్టూ గాలాడే వల, వల మీద మళ్లీ చిన్న పూల వరస, చివర వంపులు తిరిగిన అంచు. నేతలో పడుగు, పేక అని రెండు దారాలుంటాయి. క్రోషే అనే ఈ అల్లికలో ఉన్నది ఒకే దారం. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చును లాగుతూ పోతే పువ్వూ అదే అవుతుంది, ఆకూ అదే అవుతుంది, మధ్యనున్న ఖాళీ కూడా ఆ దారం ఏర్పరచిందే.

తెలుగునాట ఈ పనికి పేరుపడ్డ ఊరు నరసాపురం. పశ్చిమ గోదావరి జిల్లాలో వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గర్లో ఉంది. 17వ శతాబ్దిలో డచ్చివారు గుడ్డల వ్యాపారం చేసిన రేవు ఇది. ఈ పట్టణం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాలు, ఏటి అవతల కోనసీమ ఊళ్లు కలిసి దేశంలోకెల్లా పెద్ద క్రోషే లేసు కేంద్రాల్లో ఒకటిగా ఎదిగాయి. ఇక్కడి అల్లిక ఐరోపా, అమెరికా ఇళ్లలో బల్లల మీద పరుచుకుని తరాలు గడిచాయి. 2024లో నరసాపురం క్రోషే లేసు భౌగోళిక గుర్తింపు పొందింది. పశ్చిమ గోదావరితో పాటు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కూడా ఆ గుర్తింపు పరిధిలో ఉంది.

కరువులో పుట్టిన పువ్వు

సూది మొనకు కొక్కెం పెట్టి దారం లాగే పని ఐరోపాలో ఇప్పుడున్న రూపానికి వచ్చింది 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో. 1820లలో పెనెలోప్ అనే డచ్చి పత్రిక క్రోషే నమూనాలను అచ్చువేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు ఇంగ్లండులో ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్డియర్ అల్లిక నమూనాల పుస్తకాలు వరసగా తేవడం మొదలుపెట్టింది. చదవడం వచ్చిన ఇళ్లకు ఆ పని చేరింది.

పూల లేసుకు అసలు ఊపు ఇచ్చింది మాత్రం ఐర్లండు కరువు. 1845లో అక్కడ ఆలుగడ్డ పంటకు తెగులు సోకింది. ఆ దేశంలో పేదవాడి కడుపు నింపేది అదొక్కటే. లక్షల మంది చనిపోయారు, లక్షల మంది ఓడలెక్కి వలసపోయారు. కాన్వెంట్లలోని సన్యాసినులు, చర్చి పెద్దల భార్యలు పేద ఆడవాళ్లకు క్రోషే నేర్పి, ఆ లేసును లండన్ సంపన్నులకు అమ్మించారు. మొనగన్ కౌంటీలోని క్లోన్స్ ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే చర్చి పెద్ద భార్య 1847లో మొదలుపెట్టిన పని ఆ ఊరి పేరుతోనే ఒక లేసు రకంగా స్థిరపడింది. అసలు లేసును వెనిస్ పద్ధతిలో మామూలు సూదితో కుట్టాలంటే నెలలు పడుతుంది. కొక్కెం సూదితో అదే అందాన్ని చాలా తొందరగా తేవచ్చు. ఆకలి ఆగదు కాబట్టి ఆ తేడాకు విలువ వచ్చింది.

ఐరిష్ పద్ధతిలో గులాబీ వేరుగా, ఆకు వేరుగా, మూడు రేకుల షామ్‌రాక్ ఆకు వేరుగా అల్లుతారు. తర్వాత వాటిని ఒక గుడ్డ మీద అమర్చి, మధ్యనున్న చోటును వలతో నింపి ఒకటి చేస్తారు. పువ్వు అల్లే ఇల్లు ఒకటి, అతికే చెయ్యి మరొకటి. గులాబీలు మాత్రమే అల్లే కుటుంబాలు ఉండేవి. నరసాపురంలో లేసు వ్యాపారం ఎలా సాగుతుందో తెలిసినవారికి ఈ ఏర్పాటు ఎంతో పరిచితంగా అనిపిస్తుంది.

గోదావరి ఒడ్డుకు

దక్షిణ భారతంలో లేసు అడుగుపెట్టింది మిషనరీ బడుల గుమ్మంలోంచి. తిరువాన్కూరులోని నాగర్‌కోయిల్‌లో లండన్ మిషన్‌కు చెందిన మార్తా మాల్ట్ 1820ల మొదట్లోనే ఆడపిల్లలకు లేసు పని నేర్పింది. అది దిండు మీద చిన్న చిన్న కర్రకండెలు అటూ ఇటూ తిప్పుతూ చేసే రకం.

గోదావరి వైపు 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో ఇంగ్లండు నుంచి వచ్చి, నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్‌ను నెలకొల్పారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు డెల్టా ఇప్పటి పచ్చని డెల్టా కాదు. వరదో, కరువో ఏదో ఒకటి ఏటా తలుపు తట్టేది. ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. లేసు కథ సరిగ్గా ఆ కాలానిదే. 1844లో మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు దుమ్ముగూడెంలో స్థానిక ఆడవాళ్లకు లేసు నేర్పారని, అక్కడి నుంచి ఈ పని డెల్టాకు పాకిందని పరిశ్రమ చరిత్రల్లో చెబుతారు. దుమ్ముగూడెం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, భద్రాచలానికి కాస్త ఎగువన ఉంది.

మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ కుటుంబాల ఆడవాళ్లు. దారం ఇంగ్లండు నుంచి వచ్చేది. అల్లిన లేసు మిషన్ పరిచయాల ద్వారా అక్కడికే తిరిగి వెళ్లేది. 20వ శతాబ్ది మొదలయ్యేసరికి స్థానిక వ్యాపారులు రంగంలోకి దిగారు. జోనా, జోసఫ్ అనే అన్నదమ్ములు నరసాపురం నుంచి లేసు ఎగుమతిని వ్యాపారంగా మలిచిన తొలివారిగా చరిత్రకెక్కారు. పని మెల్లగా అగ్నికులక్షత్రియుల ఇళ్లకూ, కాపుల ఇళ్లకూ చేరింది. పొలానికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పనిగా అది కుదురుకుంది.

గుండ్రం లెక్క

డాయిలీ అల్లడానికి కావలసిన కుట్లు ఐదారే. చైన్, స్లిప్, సింగిల్, హాఫ్ డబుల్, డబుల్, ట్రిబుల్. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ అన్న కుట్టును అమెరికా పుస్తకాలు సింగిల్ అంటాయి. బ్రిటన్‌లో ట్రిబుల్, అమెరికాలో డబుల్. మన అమ్మమ్మలు నేర్చుకున్నది ఎక్కువగా బ్రిటిష్ పేర్లతో. ఇవాళ యూట్యూబు చూసి అల్లేవాళ్లకు వినిపించేవి ఎక్కువగా అమెరికా పేర్లు. ఒకే నమూనాను ఇద్దరు అల్లితే ఒకరి డాయిలీ చిక్కగా, చిన్నగా, ఇంకొకరిది పలచగా, పెద్దగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ఈ వ్యాసంలో వాడినవి అమెరికా పేర్లు.

గుండ్రంగా, చదునుగా రావడమే డాయిలీలో అసలు పరీక్ష. దాని వెనుక బడిలో నేర్చుకున్న వృత్త పరిధి లెక్క ఉంది. వరస ఒకటి పెరిగినప్పుడు వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. అప్పుడు పరిధి ఆ ఎత్తుకు 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. అందుకే వరసకు 6 కుట్లు పెంచుతారు. డబుల్ కుట్టు వెడల్పుకు రెండింతల ఎత్తు ఉంటుంది కాబట్టి 12 పెంచుతారు. మొదటి వరస 12, రెండోది 24, మూడోది 36. ఇంతకు తక్కువ పెంచితే గుడ్డ గిన్నెలా లోతుకు దిగుతుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది. పరిధి సూత్రం పేరు కూడా వినని వేలాది ఆడవాళ్ల వేళ్లకు ఈ లెక్క తెలుసు. గుడ్డను ఒళ్లో పరిచి చూసి, ఇక్కడ ఒకటి ఎక్కువైంది, ఇక్కడ రెండు తగ్గాయి అని చెప్పగలరు.

అంచు కుచ్చిళ్లు పడే ఆ తప్పునే 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమిన్యా అనే గణితవేత్త కావాలని చేసింది. అతిపరావలయ తలం అనే రేఖాగణిత రూపాన్ని విద్యార్థుల చేతికి అందేలా చూపించడానికి ఆమె క్రోషేను వాడింది. అంతకుముందు కాగితంతో చేసిన నమూనాలు చేతిలో చిరిగిపోయేవి.

లేసులో ఇంకో వెసులుబాటు ఉంది. ప్రతి వరసలో కుట్లు పెంచకుండా, చైన్ కమానులు పొడవు పెంచుతూ పోవచ్చు. ఒక వరసలో ఐదేసి చైన్లు, తర్వాత ఆరేసి, ఆపైన ఏడేసి. కమానుల సంఖ్య మారదు, వల కళ్లు మాత్రం అంచు వైపుకు వెడల్పవుతాయి. డాయిలీ నడుమ చిక్కగా, బయటికి వెళ్లేకొద్దీ పలచగా కనిపించే అందం దీనివల్లే వస్తుంది.

రేకుల పువ్వు

పువ్వు ఎలా లేస్తుందో ఒక మామూలు ఐరిష్ గులాబీలో చూడవచ్చు. ఎనిమిది చైన్లు అల్లి, స్లిప్ కుట్టుతో కలిపి ఉంగరం చేస్తారు. ఆ ఉంగరంలో 24 డబుల్ కుట్లు. తర్వాతి వరసలో రెండు కుట్లు వదిలి మూడో దానిలో సింగిల్ వేస్తూ, మధ్య మధ్య ఐదేసి చైన్ల కమానులు కడతారు. 24ను మూడుతో భాగిస్తే వచ్చే 8 కమానులే ఎనిమిది రేకులకు పునాది. ఒక్కో కమానులో ఒక సింగిల్, ఒక హాఫ్ డబుల్, ఐదు డబుల్, మళ్లీ ఒక హాఫ్ డబుల్, ఒక సింగిల్. పొట్టి కుట్టుతో మొదలై, పొడుగై, మళ్లీ పొట్టి అవడంతో రేకు దానంతట అదే వంపు తిరుగుతుంది.

అసలు నేర్పు రెండో రేకుల వరసలో ఉంది. పువ్వును కాస్త ముందుకు మడిచి, రేకుల వెనుక నుంచి కొత్త కమానులు కట్టాలి. ఈసారి ఏడేసి చైన్లు. వాటి మీద ఇంకాస్త పెద్ద రేకులు. ముందు రేకు వెనుక రేకును కొంత కప్పుతుంది. అలా రెండు మూడు వరసలు పడేసరికి పువ్వు గుడ్డ మీద నుంచి పైకి లేస్తుంది. వేలితో తడిమితే రేకు రేకూ విడిగా కదులుతుంది.

ఇలాంటి పూలను కలిపి డాయిలీ చేసేటప్పుడు ఇంకో లెక్క తోడొస్తుంది. ఒకే కొలత గుండ్రాలు ఒకదాని చుట్టూ సరిగ్గా ఆరే పడతాయి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం 7 పూలతో చిన్న డాయిలీ. దాని చుట్టూ 12 పూలు చేరిస్తే 19, ఆపైన 18 చేరిస్తే 37. అయితే పూలు ఇలా పెరిగేకొద్దీ గుడ్డ ఆరు పలకలుగా తేలుతుంది. దాన్ని మళ్లీ గుండ్రం చెయ్యడం అంచు అల్లే మనిషి పని. మూలల దగ్గర పొట్టి కమానులు, పలకల దగ్గర పొడుగు కమానులు వేసి ఆమె పలకలను మాయం చేస్తుంది. పూల మధ్య మిగిలే ముక్కోణపు సందుల్లో నాలుగైదు కాళ్ల చిన్న చుక్క అల్లి నింపుతుంది. కలపడం కూడా కుట్టుసూదితో కాదు. చివరి రేకు అల్లుతూ, దాని కొసన పక్క పువ్వు కొసను స్లిప్ కుట్టుతో పట్టేస్తారు. ముడి ఎక్కడ పడిందో వెతికినా దొరకదు.

నరసాపురం వైపు పూలు, ముక్కలు అల్లడాన్ని చేతిపని అనీ, వాటిని కలిపి గుడ్డగా చెయ్యడాన్ని అతుకుపని అనీ అంటారు. చేతిపని చిన్నపిల్లలకైనా వస్తుంది. అతుకుపనికి కన్ను కావాలి. వేర్వేరు ఇళ్లలో, వేర్వేరు చేతులు బిగువుగానో వదులుగానో అల్లిన పూలను ఒకే గుడ్డ మీద సర్దాలంటే ఏ పువ్వు ఎక్కడ పెడితే ముడత రాదో తెలియాలి.

దారం, సూది, గంజి

దారానికి వాడేది మెర్సరైజ్ చేసిన నూలు. నూలును కాస్టిక్ సోడాలో ముంచితే బలం పెరిగి, రంగు బాగా పడుతుందని లాంకషైర్‌కు చెందిన జాన్ మెర్సర్ కనిపెట్టి 1850లో పేటెంటు తీసుకున్నాడు. అలా ముంచేటప్పుడు దారాన్ని బిగలాగి ఉంచితే పట్టులాంటి మెరుపు వస్తుందని 1890 ప్రాంతంలో హోరేస్ లో అనే ఆయన చూపించాడు. లేసు దారం నిగనిగలాడేది ఈ పద్ధతి వల్లే. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 10 నంబరు ముతక, 20 ఇంటి వాడకానికి సరిపోతుంది, 40 దాటితే సన్న పని. ఇంట్లో అల్లేవాళ్లకు బాగా తెలిసినవి యాంకర్ ఉండలు.

సన్న లేసుకు వాడేవి ఉక్కు సూదులు. 0.6 మిల్లీమీటరు నుంచి 1.75 దాకా దొరుకుతాయి. 20 నంబరు దారానికి 1.25, 40కి 1 మిల్లీమీటరు దగ్గరగా సరిపోతాయి. కొక్కెం నునుపుగా లేకపోతే దారం పోగులు లేస్తుంది, అందుకే సూది కొనేటప్పుడు దాని కొసను వేలి మీద రాసి చూస్తారు.

అల్లడం అయిపోగానే డాయిలీ చూడ్డానికి అంత బాగుండదు. నలిగి, అంచులు ముడుచుకుని ఉంటుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అదిమి నీరు తీసి, పలచటి గంజిలో ముంచుతారు. చదునైన దిండు మీద గుండ్రం గీసిన గుడ్డ పరిచి, దాని మీద డాయిలీ పెట్టి, ప్రతి రేకు కొసనూ తుప్పు పట్టని గుండుసూదితో లాగి గుచ్చుతారు. నీడన ఆరాక సూదులు తీస్తే అప్పుడు పువ్వు విచ్చుకుంటుంది. తుప్పు మరక ఒక్కటి పడితే తెల్లలేసు పాడైనట్టే, అందుకే గుండుసూది విషయంలో ఎవరూ రాజీపడరు.

బొగ్గుబాయిల ఊళ్లలో

గోదావరి ఎగువన మంచిర్యాల, ఏటి అవతలి గట్టున రామగుండం, గోదావరిఖని. బొగ్గుబాయి కొలువుల కోసం ఎన్నో జిల్లాల నుంచి కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. లేసు ఇక్కడ వ్యాపారం కాలేదు, ఇంటి పనిగానే ఉంది. టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్లలోనైనా ఊళ్లోనైనా టీవీ మీద పరిచిన లేసు గుడ్డ, రేడియో కప్పు, దిండు గలీబు అంచు, గుమ్మానికి తోరణం మామూలు దృశ్యాలు. పెళ్లికి ముందు ఆడపిల్ల నేర్చుకోవాల్సిన పనుల్లో కుట్టూ అల్లికా ఉండేవి. పక్కింటివాళ్ల దగ్గర పువ్వు ఒకటి అడిగి తెచ్చుకుని, దాన్ని తిరగేసి కుట్లు లెక్కపెట్టి, అచ్చం అలాగే అల్లేవాళ్లు. పుస్తకం లేకుండా ఒక నమూనా ఊరు దాటిందంటే దారి అదే.

బొగ్గు ధూళి ఉన్న ఊళ్లలో తెల్లలేసును తెల్లగా ఉంచడం చిన్న పని కాదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో అల్లిన గుడ్డలు కూడా వాడేవాళ్లు. ఎగుమతి కోసం ఎక్కువగా తెలుపు, మీగడ రంగుల్లో అల్లే నరసాపురం పనికీ, ఇంటి కోసం అల్లిన ఈ పనికీ కంటికి కనిపించే తేడా ఇది. ఇవాళ బొగ్గుగనుల ప్రాంతంలో సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల మహిళలకు కుట్టుపని, మగ్గం వర్క్ వంటి వాటిలో శిక్షణ ఇస్తోంది. జాకెట్ల మీద మగ్గం పనికి పెళ్లిళ్ల కాలంలో గిరాకీ ఉంది కాబట్టి సూది పట్టే చేతులు అటు మళ్లాయి.

లెక్కకు రాని పని

నరసాపురం లేసు గురించి ప్రపంచానికి గట్టిగా చెప్పిన పుస్తకం జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ రాసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. 1970ల చివర్లో ఆమె ఇక్కడి ఇళ్లలో తిరిగి, ఆడవాళ్లతో మాట్లాడి, వారి రోజును గంట గంటకూ లెక్కవేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యక్రమంలో భాగంగా జరిగిన ఆ అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. లక్షకు పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే చేతికొచ్చేది సగటున 56 పైసలు. ఆనాడు పొలంలో పనిచేసే ఆడకూలీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడోవంతు కూడా కాదు. ఆ కాలంలోనే రాష్ట్రం నుంచి విదేశాలకు వెళ్లే హస్తకళా వస్తువుల విలువలో అత్యధిక భాగం లేసుదే.

ఇంత పెద్ద పరిశ్రమ ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకు మీస్ ఇచ్చిన జవాబే పుస్తకానికి ప్రాణం. అల్లేది ఇంట్లో, వంటకూ వంటకూ మధ్య. ఏజెంటు గుమ్మానికి వచ్చి దారం ఇస్తాడు, వారం తర్వాత వచ్చి పూలు తీసుకుంటాడు. ఆ పూలు అతుకుపనికి ఇంకో ఇంటికి పోతాయి. అక్కడి నుంచి వ్యాపారికి, ఎగుమతిదారుకు. పువ్వు అల్లిన మనిషికి డాయిలీ ఎలా తయారైందో తెలియదు, ఎంతకు అమ్ముడైందో తెలియదు. ఆమెను వ్యాపారులు ఊసుపోక అల్లే గృహిణి అన్నారు, జనాభా లెక్కలు గృహిణి అని రాసుకున్నాయి, చాలాసార్లు ఆమె కూడా తనను అలాగే చెప్పుకుంది. గృహిణి ఖాళీ వేళలో చేసే పనికి కూలి అడగడం ఎలా? ఇంటి ఆడవాళ్లను ‘గృహిణి’గా మార్చి, ఆ పేరుతోనే వారి శ్రమను చౌక చేసే ఈ తీరుకు మీస్ ఇంగ్లీషులో ఒక మాట పుట్టించింది. స్త్రీల శ్రమ మీద ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆ మాటా, దానితో పాటు నరసాపురం పేరూ వస్తుంటాయి. మీస్ 2023లో మరణించింది.

పువ్వు చిన్నది కావడం ఈ పనికి బలమూ అయింది, చేటూ అయింది. చేతిలో ఇమిడే ముక్క కాబట్టి పాలు పొంగేలోపు రెండు రేకులు అల్లి పక్కన పెట్టవచ్చు. పిల్లాడు ఏడిస్తే వదిలి లేవవచ్చు. మగ్గం కొనక్కర్లేదు, చోటు అక్కర్లేదు. అదే కారణాన పని ఇంటింటికీ చెదిరిపోయి, అల్లేవాళ్లంతా ఒకచోట కూడి ధర మాట్లాడుకునే వీలు లేకుండా పోయింది. గుమ్మం ముందు ఏజెంటు ఒక్కడే, గుమ్మం లోపల ఆమె ఒక్కతే. డాయిలీని చూసి ముచ్చటపడే ప్రతివారూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఆ గుడ్డ అందంలో ఆ గంటలన్నీ ఉన్నాయి, ధరలో మాత్రం చాలాకాలం లేవు.

1980ల నుంచి డ్వాక్రా సంఘాలు వచ్చాక కొంత మార్పు మొదలైంది. 2000ల మధ్యలో నరసాపురం దగ్గరి సీతారామపురంలో అంతర్జాతీయ లేసు వాణిజ్య కేంద్రం ఏర్పడింది. జనం దాన్ని లేసు పార్కు అంటారు. శిక్షణ, నమూనాల తయారీ, ఒకేచోట అమ్మకం దాని ఉద్దేశాలు. అయినా దళారుల మీద ఆధారపడడం పోలేదు. చైనా నుంచి చౌకగా వచ్చే లేసు ఒకవైపు, ఐరోపా ఇళ్లలో బల్లగుడ్డల వాడకం తగ్గడం మరోవైపు పాత గిరాకీని కుదించాయి. కరోనా కాలంలో ఎగుమతులు ఆగి, దెబ్బ నేరుగా అల్లేవాళ్ల మీద పడింది. కొత్త తరం ఆడపిల్లలు చదువుకుని వేరే కొలువుల వైపు చూస్తున్నారు, చూడడం న్యాయమే. నిలబడ్డవాళ్లు డాయిలీ పూలను జాకెట్ల చేతులకు, చున్నీల అంచులకు, సంచులకు మారుస్తున్నారు.

గుర్తింపు, గుర్తుపట్టడం

భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం నమోదు 10 ఏళ్లకు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవాలి. పేరు నమోదైనంత మాత్రాన అందులో ప్రతి ఒక్కరికీ భాగం వచ్చేసినట్టు కాదు. అల్లేవాళ్లు, సంఘాలు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఆ నమోదు వ్యాపారుల పేర్ల దగ్గరే ఆగకుండా అల్లే చేతుల దాకా రావడం మీదే 2024 గుర్తింపు ఫలితం ఆధారపడి ఉంది. కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే: ఇది ఏ సంఘం అల్లింది?

అసలైన క్రోషేను అల్లే యంత్రాలు ఇప్పటికీ పరిశ్రమలో వాడుకకు రాలేదు. దుకాణాల్లో క్రోషే పేరుతో అమ్మే యంత్రపు లేసు నిజానికి వేరే రకం అల్లిక, చూపులో మాత్రమే దగ్గర. తేడా పట్టడం కష్టం కాదు. చేతి డాయిలీలో ప్రతి వరసకూ మొదలు ఉంటుంది, దగ్గరగా చూస్తే ఆ చోట మూడు చైన్లు ఒక కుట్టులా నిలబడి కనిపిస్తాయి. తిరగేస్తే దారం కొసలు కుట్లలోకి దోపి దాచిన చోటు తగులుతుంది. గులాబీ రేకులు ఒకదాని వెనుక ఒకటి విడివిడిగా లేస్తాయి. యంత్రపు లేసులో రేకు గుడ్డకు అంటుకుని ఒకే పొరగా ఉంటుంది, ప్రతి పువ్వూ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతలో వస్తుంది. నరసాపురం డాయిలీలో రెండు పూలు పక్కపక్కన పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది, ఎందుకంటే అవి రెండు ఇళ్లలో అల్లినవి.